బండి బోరు కొత్తది, సీళ్లు కొత్తవి, ఇంజన్ రేస్ మాత్రం దిగదు

మా బాపు (నాన్న) యమహా ఆర్‌ఎక్స్ 100 బైకును మళ్లీ కొత్తగా చేస్తున్నాను. మాగ్నెట్ (ఇంజన్ పక్కన తిరుగుతూ కరెంటు పుట్టించే చక్రం) ఊడదీయడం ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ దాని వెనక గాలి చొరకుండా ఆపే అదే రబ్బరు సీల్ కోసం. చేతికి గ్రీజు ఉండగానే రాసేస్తున్నాను, రేపటికి ఏ కొలత ఎప్పటిదో నాకే గుర్తుండదు.

ముందు అయిన పనులు. బాపు 1994 ఆర్‌ఎక్స్ 100కి ట్యాంకు రంగు కుదిరింది. సీటు కింద ఎండ తగలని చోట మిగిలిన నెమలి నీలం చూపించి కలిపించాను. పాల క్యాన్ల కోసం వేయించిన కొక్కేలు కోసేశాం. చక్రాలు కూడా అయిపోయాయి. మా బోరుబావి నీళ్లతో కడిగితే కొత్త పెయింట్ మీద తెల్ల మరకలు పడుతున్నాయి, తుడవకుండా వదలకండి.

ఇక అసలు గోల. పొద్దున ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతుంది. ప్లగ్ వైరుకు చుట్టే చిన్న మీటర్‌లో స్లో (ఊరికే నిలబెట్టినప్పటి ఇంజన్ వేగం) నిమిషానికి 1300 చుట్లు చూపిస్తుంది. నల్గొండ క్లాక్ టవర్ నుంచి పానగల్ దాకా వెళ్లి గుడి దగ్గర క్లచ్ పట్టి ఆగితే రేస్ దిగదు, 3000 దగ్గర అరుస్తూనే ఉంటుంది. కార్బొరేటర్ ఎయిర్ స్క్రూ ఎటు తిప్పినా దానికి పట్టదు. చోక్ లాగి పెట్రోలు పాలు పెంచితే మాత్రం బుద్ధిగా 1400కి వస్తుంది. ప్లగ్ తీస్తే సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. అంటే పెట్రోలు పాలు తక్కువై కాగిపోతోంది, ఎక్కడో దొంగగాలి పీలుస్తోంది. కార్బొరేటర్‌లో పెట్రోలు ఎక్కువ వదిలే పెద్ద జెట్ వేసి సరిపెట్టమన్నారు ఇద్దరు ముగ్గురు. అది జ్వరానికి తడిగుడ్డ వేసినట్టే. 50 మి.మీ. బోరును (పిస్టన్ ఆడే సిలిండర్‌ను) 0.50 ఓవర్‌సైజ్‌కి తీసి కొత్త పిస్టన్ వేశాను, దాన్ని కాల్చుకునే ఉద్దేశం నాకు లేదు.

అందుకే ప్రెషర్ టెస్ట్, అంటే ఇంజన్ దారులన్నీ మూసి గాలి కొట్టి ఎక్కడ కారుతోందో చూడటం. దీనికి అమ్మ బీపీ మిషన్ కంటే మంచి సామాను లేదు. డయల్ 300 మి.మీ. పాదరసం దాకా ఉంటుంది, అది దాదాపు 5.8 పీఎస్‌ఐ. టూ స్ట్రోక్ చాంబర్‌కి (క్రాంక్ తిరిగే ఇంజన్ కింది గదికి) సరిగ్గా కావలసినంత. సైలెన్సర్ దారికి పాత ట్యూబు ముక్క, పైన ఇనుప పట్టీ. కార్బొరేటర్ వైపు రబ్బరు బిరడా, అందులోంచి బీపీ పైపు. ఆయిల్ పంపు పైపు కూడా మూయాలి, మొదటిరోజు అది మరిచిపోయి రెండు గంటలు పాడు చేసుకున్నాను. అమ్మ వచ్చి చూసి, "బండికి గూడ బీపీ వచ్చిందారా?" అంది.

మొదటిసారి 300 నుంచి సున్నాకి 20 సెకన్లే పట్టింది. కార్బొరేటర్‌ను ఇంజన్‌కు కలిపే ఇన్‌టేక్ రబ్బరు లోపలి మడతలో పగిలి ఉంది, మార్చాను. తర్వాత నిమిషానికి 180కి పడింది. సబ్బు నురగ పూస్తే బోరు కింద ప్యాకింగ్ దగ్గర బుడగలు. కొత్త ప్యాకింగ్, పల్చగా అనాబాండ్ (సందులు మూసే జిగురు). (అనాబాండ్ పూరీ పిండిలా మెత్తేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.) అప్పుడు నిమిషానికి 250. ఈసారి బుడగలు మాగ్నెట్ సీల్ పెదవి దగ్గర, ఆవగింజంత.

సీల్ మార్చాను, 265. హైదరాబాద్ పుత్లీబౌలిలో కవర్లో పోసి అమ్మే రకం అది, నా తప్పే. మంచి కంపెనీ ఎన్‌ఓకే సీల్ తెప్పించి వేశాను, మళ్లీ 265! అప్పుడు గానీ క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్ తిప్పే ఇరుసు) మీద గోరు పెట్టి చూడాలన్న తెలివి రాలేదు. గోరు టక్కున తట్టుకుంది. పాత సీల్ పెదవి ఇన్నేళ్లు రాసుకున్న చోట గాడి పడింది. మైక్రోమీటర్‌తో పక్కన చూసినదానికంటే అక్కడ 0.11 మి.మీ. తక్కువ. కొత్త సీల్‌ను పూర్తిగా లోపలికి దించకుండా 1.5 మి.మీ. బయటికి ఆపి, పెదవి కొత్త ఇనుము మీద కూర్చునేలా చేశాను. ఆరు నిమిషాలకు 295. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

తెల్లారి పానగల్ వెళ్లొచ్చాను. రేస్ 2600. దిగలేదు.

రెండు రోజులు బండి వైపు చూడలేదు. తర్వాత తట్టింది, నేను టెస్ట్ చేసేది ఆగి ఉన్న క్రాంక్‌ని కదా! ప్రెషర్ పెట్టి మాగ్నెట్‌ను చేత్తో తిప్పాను. పిస్టన్ కదిలితే సూది ఊగుతుంది కాబట్టి, పిస్టన్ కింద ఉన్నప్పుడు మాగ్నెట్ మీద సుద్దతో గీత గీసి, ప్రతి చుట్టుకీ ఆ గీత దగ్గరే చదివాను. పది చుట్లకు 300 కాస్తా 252. తిప్పుతుంటే ఒకేచోట సన్నగా 'సిస్' అంటోంది. వంకర కొలిచే డయల్ గేజ్ పెడితే షాఫ్ట్ చివర 0.09 మి.మీ. ఊగుతోంది. 0.03 దాటకూడదు. క్రాంకే వంకర.

ఎందుకు? షాఫ్ట్ మర అంచు పుట్టగొడుగులా నలిగి ఉంది. ఎవరో ఎప్పుడో పుల్లర్ లేక మాగ్నెట్‌ను సుత్తితో కొట్టి తీసినట్టున్నారు. ఇది నా ఊహే. బేరింగ్ అరుగుదల కూడా కలిసి ఉండొచ్చు, చాంబర్ విప్పితే గానీ తెలియదు.

బాపు అరుగు మీద కూర్చుని, "ఇంకెన్నిసార్లు ఇప్పుతవ్‌రా దాన్ని?" అన్నాడు. ఒక్కసారే అని చెప్పాను. నమ్మలేదు.

పెద్ద బండి ఆర్‌ఎక్స్ 135 బోరు ఎక్కించెయ్, పీడా పోతుంది అనే అన్నలకు దండం. వంకర క్రాంక్ మీద ఏ బోరు ఎక్కించినా అంతే. పైగా 98 సీసీగా వచ్చిన బండికి దాని సొంత బోరే ఉండాలి. వచ్చే ఆదివారం హైదరాబాద్. కనెక్టింగ్ రాడ్ కిట్, రెండు మెయిన్ బేరింగులు, రెండు వైపులా సీళ్లు తేవాలి. క్రాంక్ ప్రెస్ చేసేవాడు డయల్ గేజ్ పెట్టి చూపిస్తేనే పని ఇస్తాను, కంటితో చూసి సెట్ చేస్తానంటే వెనక్కి తెచ్చేస్తాను. దారిలో అమ్మకు కొత్త బీపీ మిషన్ కూడా కొనాలి. పాతదాని బుడ్డికి 2టీ ఆయిల్ వాసన పోవట్లేదు.