రంగు చూసి మోసపోయాను

నయాగరా గురించి రాయను. వెళ్ళాం, తడిశాం, తిరిగి వచ్చాం. మిచిగన్‌లో అబ్బాయి దగ్గర ఉన్న రెండు నెలల్లో నాకు గుర్తుండిపోయింది ఒక్క శనివారం మధ్యాహ్నమే.

ఆ రోజు నోవై నుంచి లాన్సింగ్ వైపు ఆపిల్ తోటకని బయలుదేరాం. దారిలో పాత ట్రాక్టర్ల ప్రదర్శన అని రాసిన అట్ట కనిపించింది. ఆపమన్నాను. తోట ఇంకా 20 నిమిషాలే అని కోడలు నచ్చజెప్పబోయింది. ఆపిల్ పళ్ళు బజారులో దొరుకుతాయమ్మా అన్నాను. గడ్డిలో కారు నిలిపినందుకు 10 డాలర్లు తీసుకున్నారు. నిమ్మరసం 7 డాలర్లు. "600 రూపాయలండీ!" అని మా ఆవిడ ఖాళీ గ్లాసును కూడా పారేయకుండా సంచిలో వేసుకుంది.

లోపల వరుసగా ఫోర్డు ట్రాక్టర్లు. దాదాపు అన్నీ బూడిదరంగువే. ఒకే ట్రాక్టరును పాతికసార్లు నిలబెట్టినట్టుంది. దీనికా 10 డాలర్లు అని గొణుక్కుంటుంటే, మడత కుర్చీలో కూర్చున్న ఒక ముసలాయన మీ దేశంలో ట్రాక్టర్లు ఉన్నాయా అని అడిగాడు. చిర్రెత్తుకొచ్చింది. తెనాలి దగ్గర మా నాన్నకు మాసీ ఫెర్గూసన్ ఉండేదని, దాని మడ్గార్డు మీద కూర్చుని పెరిగానని అబ్బాయి చేత చెప్పించాను. ఫెర్గూసన్ మాట వినగానే ఆయన కుర్చీలోంచి లేచాడు.

తర్వాత రెండు గంటలు నన్ను వదల్లేదు. మొదట మూతి చూడమన్నాడు. 1939లో వచ్చిన 9ఎన్ అనే ఫోర్డు మోడలులో తొలి బండ్లకు ముందు జాలీ అల్యూమినియంది, చువ్వలు అడ్డంగా ఉంటాయి. 1941కల్లా ఉక్కు జాలీ వచ్చింది, చువ్వలు నిలువయ్యాయి. యుద్ధకాలంలో రబ్బరు, రాగి కరువై 2ఎన్ అనే తర్వాతి మోడలు వచ్చింది. వాటిలో కొన్ని ఇనుప చక్రాలతో, బ్యాటరీ లేకుండా అమ్ముడుపోయాయట. హ్యాండిలు తిప్పి స్టార్టు చేయాల్సిందే. ఇంజను మీద నంబరు చూస్తే తెలిసిపోదా అన్నాను తెలివిగా. 2ఎన్ మీద కూడా 9ఎన్ అనే కొట్టేవారు, ఆ అక్షరాలు చూసి సంబరపడకండి అని నవ్వాడు.

చివర్లో ఒకటి తళతళలాడుతోంది. లేత బూడిద బానెట్టు, ఎర్రటి ఒళ్ళు. 1947లో మొదలైన 8ఎన్ ఈ రంగుల్లోనే వచ్చేదని అప్పుడే చెప్పాడు కదా, ఇది 8ఎన్ అన్నాను. ఎక్కి కూర్చోమన్నాడు. 8ఎన్‌కు బ్రేకులు రెండూ కుడికాలి కిందే ఉంటాయట. ఇక్కడ మాత్రం క్లచ్, ఎడమ బ్రేకు రెండూ ఎడమకాలి దగ్గరే ఉన్నాయి. దమ్ములో చివరికి వెళ్ళి తిప్పుకోవాలంటే ఆ ఒక్క కాలు దేని మీద వేయాలి? గేర్లు లెక్కపెట్టాను. ముందుకు మూడే. 8ఎన్‌కు నాలుగుండాలి. పాతదానికి కొత్త చీర కట్టి నిలబెట్టారన్నమాట. మా ఊళ్ళో సంతకు తెచ్చిన ఎద్దుల కొమ్ములకు రంగు వేసేవారు. కొనేవాడు పళ్ళు చూసేవాడు.

అసలు 8ఎన్ పక్క వరుసలో ఉంది. ఇంజను ముందు, ఫ్యాను వెనక ఇరుకులో ఉండే డిస్ట్రిబ్యూటరును, అంటే స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే భాగాన్ని, 1950లో పక్కకు మార్చారని వేలితో చూపించాడు. దాన్ని వర్ణించినంత ప్రేమగా ఆయన తన మనవల గురించి చెప్పలేదు. చేతులు నూనెతో నల్లబడిన ప్రతి మెకానిక్కూ ఆ మార్పు పండుగే అయి ఉంటుంది.

ఫెర్గూసన్ అంటే ఎందుకు లేచాడో అప్పుడు తెలిసింది. 9ఎన్ వెనక నాగలిని మూడు చోట్ల పట్టి లేపే హైడ్రాలిక్ ఏర్పాటు హ్యారీ ఫెర్గూసన్‌ది. 1938లో ఆయనా హెన్రీ ఫోర్డూ కాగితం లేకుండా చేతులు కలిపారు. తర్వాత ఫోర్డు మనవడి హయాంలో చెడింది. కోర్టుకెక్కి 1952లో 92.5 లక్షల డాలర్లకు రాజీపడ్డారు. ఆ మరుసటి ఏడు ఫెర్గూసన్ కంపెనీ మాసీ హారిస్ అనే మరో ట్రాక్టర్ల కంపెనీతో కలిసింది. అలా ఆ మూడు చేతులూ, మాసీ ఫెర్గూసన్‌లు తయారయ్యే మద్రాసు మీదుగా మా చేలోకి వచ్చాయి.

"మీ నాన్నగారిది ఏ ఏడాది బండి?" అన్నాడు.

తెలియదు. రెండో చేతిది, ఎర్రగా ఉండేది. ఇంతే చెప్పగలిగాను. వెంటనే తమ్ముడికి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి పదకొండున్నర.

"ఎవరికేమైంది అన్నయ్యా?"

"ఎవరికీ ఏమీ కాలేదు. మన మాసీ ఏ సంవత్సరందిరా?"

కాసేపు మాట లేదు. అది అమ్మి ముప్పై ఏళ్ళయిందని, పడుకోమని చెప్పి పెట్టేశాడు.

ముసలాయన మాత్రం ఫొటో ఉంటే పంపమన్నాడు. మూతి, మీద ఉన్న పేరు కనిపిస్తే చాలు, మిగతాది తాను చూసుకుంటానని అబ్బాయి నంబరు రాసుకున్నాడు. మర్నాడు తమ్ముడు పెట్టెలన్నీ వెతికి ఒకటి పంపాడు. నాన్న స్టీరింగు పట్టుకుని ఉన్నారు. పెద్ద చక్రాలు, మడ్గార్డు స్పష్టంగా ఉన్నాయి. మూతి మాత్రం కనిపించదు. దానికి అడ్డంగా నడుం మీద చేతులు పెట్టుకుని నేను నిలబడి ఉన్నాను.