అమ్మ కళ్ళు ఇచ్చిన రాత్రి, ఒక్క కాగితం కోసం మేం పడ్డ అవస్థ

మొన్ననే అమ్మ పెద్దకర్మ అయ్యింది. చుట్టాలందరూ వెళ్ళిపోయారు, ఇల్లంతా బోసిగా ఉంది, నిద్ర పట్టట్లేదు, అందుకే ఇది రాస్తున్నా. కళ్ళు దానం ఇవ్వడం ఏమంత కష్టం కాదు. వచ్చి ఆ పని చేసిన పిల్లలకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. మమ్మల్ని ఏడిపించింది వేరేవాళ్ళు.

అమ్మకి 74 ఏళ్ళు. కంచరపాలెంలో నలభై ఏళ్ళు మిషన్ కుట్టింది. కొన్నేళ్ళ కిందట వాల్తేరు కంటాసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ చేయించాం, అక్కడ ఓపీలో పక్కన ఒక కుర్రాడు కూర్చున్నాడు, శ్రీకాకుళం వైపు వాడు, కోతలప్పుడు వరి ఆకు గీసుకుని కంట్లో పుండు పడి నల్లగుడ్డు మీద పువ్వు వచ్చేసింది. చనిపోయినవాళ్ళ నల్లగుడ్డు పొర ఎవరిదైనా దొరికితే వేస్తామన్నారట, దానికోసం తిరుగుతున్నాడు. అమ్మ ఆరోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కూడా వాడి గురించే మాట్లాడింది. "సూదిలో దారం ఎక్కించుకునే చూపు నాకు మళ్ళీ వచ్చింది కదా, నేను పోయాక వీటిని కాల్చేయకండర్రా, ఎవరికైనా ఇచ్చీండి" అంది. నేను ఆన్‌లైన్‌లో ఫారం నింపేశా, కార్డు వచ్చింది, బీరువాలో పెట్టా. ఆ పని ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

అమ్మ పోయింది రాత్రి ఒంటిగంటా నలభైకి. గుండె పంపింగ్ తక్కువ, నాలుగు రోజుల ముందే నర్సింగ్ హోం నుంచి డిశ్చార్జ్ చేసి "ఇంటి దగ్గర చూసుకోండి" అన్నారు, అంటే ఏమిటో మాకూ తెలుసు. ఏడుస్తూనే ఐ బ్యాంక్‌కి ఫోన్ చేశా. ఎన్ని గంటలకి పోయారు, వయసెంత, జబ్బేంటి, షుగర్ ఉందా అని అడిగారు. షుగర్ ఉంది, శుక్లాల ఆపరేషన్ కూడా అయ్యింది, పనికొస్తాయా అన్నా. ఎయిడ్స్, కామెర్ల వైరస్, కుక్కకాటు రేబిస్ లాంటివి ఉంటే తీసుకోరట గానీ షుగరు, బీపీ, కళ్ళజోడు వీటికి అడ్డేం లేదన్నారు. చనిపోయిన ఆరు గంటల్లోపు తియ్యాలి, మేం బయల్దేరుతున్నాం, ఫ్యాన్ ఆపండి, కనురెప్పలు మూసి తడి దూది పెట్టండి, తల కింద రెండు దిళ్ళు పెట్టండి, డాక్టరు రాసిన మరణ కాగితం ఒకటి రెడీగా ఉంచండి అన్నారు.

ఫ్యాన్ సంగతి చెప్పాలి. మే నెల, వైజాగ్ ఉక్క తెలిసిందే, వచ్చిన ప్రతి ఆడమనిషీ ముందు అమ్మ మీద పడి ఏడవడం, లేచి ఫ్యాన్ వెయ్యడం. గాలికి కళ్ళు ఎండిపోతాయి బాబూ అంటే వినరు. చివరికి మా అబ్బాయిని స్విచ్‌బోర్డు దగ్గర నిలబెట్టా, పదో క్లాసు పిల్లాడు, తెల్లారేదాకా కదల్లేదు, ఆ విషయంలో వాడిని చూసి నాకు గర్వంగా ఉంది.

ఇక మావయ్య. "ఏటే ఇది, కళ్ళు లేకుండా పంపిస్తే వచ్చే జన్మలో గుడ్డిదై పుడతాది" అన్నాడు, అదీ అమ్మ తల దగ్గర నిలబడి. పైగా కొడుకు పుణెలో ఉండగా కూతురు సంతకం ఎలా చెల్లుద్ది అని ఇంకో మాట. అన్నయ్యకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టా, "అమ్మ చెప్పింది కదా మావయ్యా, చెల్లిని చెయ్యనీ" అన్నాడు. అక్కడితో ఆ గొడవ ఆగింది. మీ ఇళ్ళల్లో కూడా ఇదంతా బతికుండగానే నలుగురి ముందూ చెప్పించండి, కార్డు ఉన్నా సరే ఆఖర్న ఒప్పుకోవాల్సింది ఇంట్లోవాళ్ళే.

కాగితం ఏముంది, మొన్నటిదాకా చూసిన నర్సింగ్ హోం వాళ్ళే ఇస్తారు కదా అనుకున్నా. మా ఆయన బండి తీశారు, అమ్మ ఫైలు పట్టుకుని వెళ్ళాం. షట్టరు సగం దించి ఉంది. సెక్యూరిటీ అతను లేవడానికే ఐదు నిమిషాలు. కౌంటర్లో ఒక అబ్బాయి సెల్లు చూసుకుంటున్నాడు. డ్యూటీ డాక్టరు గారు పడుకున్నారు, పొద్దున తొమ్మిదికి రండి అన్నాడు. తొమ్మిదికైతే ఏం లాభం, ఏడూ నలభై దాటితే ఐపోయింది కదా అని గట్టిగా అడిగితే లోపలికెళ్ళి డాక్టర్ని లేపాడు.

ఆయన ఫైలు తెరిచి కూడా చూడలేదు. "బాడీ చూడకుండా ఎలా ఇస్తాం" అన్నాడు. సరే సార్, ఇల్లు రెండు కిలోమీటర్లే, మా బండి మీద వచ్చి చూడండి, తిరిగి నేనే దింపుతా అన్నా. రాడట. పోనీ అంబులెన్స్‌లో తీసుకొస్తాం అంటే "తెస్తే బ్రాట్ డెడ్ కింద రాయాలి, పోలీసులకి చెప్పాలి, పోస్ట్‌మార్టం అంటారు, మీ ఇష్టం" అన్నాడు. నాలుగు రోజుల కిందట ఇదే బిల్డింగులో మూడో నెంబరు బెడ్డు మీద ఉన్న మనిషి సార్, ఇదిగో మీరిచ్చిన డిశ్చార్జ్ సమ్మరీ, ఇదిగో ఎకో రిపోర్టు అని ఒక్కొక్కటీ కౌంటర్ మీద పరిచా. అంత అర్జెంటు ఎందుకమ్మా అన్నాడు. కళ్ళు ఇస్తున్నాం, టైమవుతోంది అన్నా.

అప్పుడు ఆ కౌంటర్ అబ్బాయి ఏమన్నాడంటే, "ఎంతిస్తారేటి కళ్ళకి?"

అక్కడ బెంచీల మీద పేషెంట్ల తాలూకు జనం ఐదారుగురు ఉన్నారు. అందరూ తలెత్తి నావైపు చూశారు. డాక్టరు వాడిని ఒక్క మాట అనలేదు. పైగా "వెయ్యి రూపాయలు కట్టండి, పొద్దున మా సార్‌ని అడిగి ఇప్పిస్తా" అన్నాడు. అమ్మ పోయి గంట దాటింది, నేను ఇంకా జుట్టు కూడా ముడేసుకోలేదు, అమ్మ కళ్ళు అమ్ముకోడానికి వచ్చినదాన్ని చూసినట్టు చూస్తున్నారు నన్ను. నాకు నోట మాట రాలేదు. నాలుగు మాటలు ఎందుకు అనలేకపోయానా అని పదకొండు రోజులుగా కుమిలిపోతున్నా. వాడికి అప్పుడు చెప్పలేనిది ఇక్కడ చెప్తున్నా, కళ్ళు కొన్నా అమ్మినా 1994 అవయవ మార్పిడి చట్టం కింద జైలుకెళ్తారు. ఐ బ్యాంక్ వాళ్ళు మనకి రూపాయి ఇవ్వరు, మన దగ్గర రూపాయి తీసుకోరు. ఆసుపత్రిలో కూర్చుని జీతం తీసుకునేవాడికి ఇది తెలియకపోతే తప్పు ఎవరిది?

ఇంకో సంగతి తర్వాత తెలిసింది. 1969 జనన మరణాల నమోదు చట్టం 10వ సెక్షన్‌లో ఉంది, ఆఖరి జబ్బులో వైద్యం చేసిన డాక్టరు మరణ కారణం కాగితం వెంటనే ఇవ్వాలి, ఫీజు తీసుకోకూడదు. ఇంట్లో పోయినవాళ్ళకి ఫారం 4ఏ అని వేరే ఉంటుంది. ఆ రాత్రి నాకు ఈ ముక్క తెలిసి ఉంటేనా!

తిరిగొచ్చేసరికి మూడుంపావు. ఐ బ్యాంక్ నుంచి ఇద్దరు కుర్రాళ్ళు ఐస్ పెట్టెతో వచ్చి అరుగు మీద కూర్చున్నారు. కాగితం దొరకలేదు బాబూ అంటే విసుక్కోలేదు, "టైముంది అక్కా, దగ్గర్లో ఇంకెవరైనా ఎంబీబీఎస్ డాక్టరు ఉన్నారా" అన్నారు. మా వీధి చివర ఆర్ఎంపీ రాసిస్తానన్నాడు పాపం, అది చెల్లదట. అప్పుడు పక్కింటి పిన్ని గుర్తు చేసింది, అమ్మకి ఏళ్ళ తరబడి షుగర్ మాత్రలు రాసిన పెద్దాయన రైల్వే క్వార్టర్స్ వైపు ఉంటారు కదా అని. నిద్ర లేపడానికి మొహమాటం వేసింది, ఐనా తలుపు కొట్టా. సంగతి విని చొక్కా తొడుక్కుని, స్టెతస్కోపు, టార్చి తీసుకుని లుంగీ మీదే బండెక్కారు. అమ్మ నాడి చూశారు, గుండె మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు, దూది తీసి కళ్ళల్లో టార్చి వేసి చూశారు, ఫైలు మొత్తం తిరగేశారు, కూర్చుని రాసిచ్చారు. డబ్బులు తియ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపేశారు. "మీ అమ్మ మా ఆవిడకి జాకెట్లు కుట్టేదమ్మా" అన్నారు. అప్పటిదాకా ఎలాగో ఆపుకున్నదాన్ని, అక్కడ ఏడ్చేశా.

తర్వాతదంతా ఇరవై నిమిషాల పని. గదిలోంచి అందర్నీ బయటికి పంపారు, నన్ను ఉండమంటే ఉన్నా. నా సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకున్నారు, కూతురి సంతకం శుభ్రంగా చెల్లింది మావయ్యా. ఎయిడ్స్, కామెర్లు, సిఫిలిస్ పరీక్షలకి కాస్త రక్తం తీశారు. కన్ను మొత్తం పీకేస్తారనుకుంటారు అందరూ, అలా కాదు, నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరని, చుట్టూ సన్నటి తెల్లగుడ్డు అంచుతో కలిపి తీసి మందునీళ్ళ సీసాల్లో పెట్టారు. లోపల ప్లాస్టిక్ మూతలాంటిది పెట్టి రెప్పలు మూశారు. అమ్మ ముఖం ఎలా ఉన్నదో అలాగే ఉంది. మావయ్య వచ్చి దగ్గరగా వంగి చూశాడు, ఏమీ అనలేదు, పసుపు రాసి నుదుటి మీద రూపాయి బిళ్ళ ఆయనే పెట్టాడు.

కళ్ళు ఎవరికి పెట్టారో చెప్పరు, అడగడం కూడా మర్యాద కాదు. పనికొచ్చాయని మాత్రం ఐదోరోజు ఫోన్ చేసి చెప్పారు. వైజాగ్‌లో ఉన్నవాళ్ళకి హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్‌లోనే ఐ బ్యాంక్ ఉంది, నెంబరు ఇప్పుడే రాసి ఫ్రిజ్ మీద అంటించుకోండి. ఇంట్లో మంచాన పడ్డ పెద్దవాళ్ళు ఉంటే దగ్గర్లో ఒక డాక్టర్ని ముందే అడిగి ఒప్పించి ఉంచండి, అర్ధరాత్రి వస్తారా రారా అని మొహం మీదే అడిగేయండి. పెద్ద బోర్డు, లిఫ్టు, ఏసీ ఉన్న నర్సింగ్ హోంని మాత్రం నమ్ముకోకండి.

పెద్దాయన రాసిన ఆ కాగితంతోనే సచివాలయంలో మరణం నమోదు కూడా అయిపోయింది, 21 రోజుల్లోపు చేయించాలి. నర్సింగ్ హోం మీద అర్జీ రాశా, చట్టం సెక్షన్ నెంబరుతో సహా, ఆ కౌంటర్ అబ్బాయి అన్న మాట అన్నట్టే రాశా. పోయినామె తిరిగొస్తుందా, వదిలెయ్ అంటున్నాడు అన్నయ్య. వదలను. సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌కి వెళ్తున్నా.