7,000లో ఏది పడింది, ఏది పడలేదు

2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి మండలం తూర్పు వీరాయపాలెంలో రైతులకు రాష్ట్రం పెట్టుబడి సాయమిచ్చే అన్నదాత సుఖీభవ మొదలైంది. మొదటి విడత 7,000 అని అందరూ ఒకే మాటగా చెప్పుకున్నారు గానీ అవి రెండు జమలు: రాష్ట్రానివి 5,000, పీఎం కిసాన్‌వి 2,000. డబ్బు రాలేదని ఆఫీసుల చుట్టూ తిరిగే ముందు పాసుపుస్తకం ప్రింటు వేయించి, ఏ జమ రాలేదో చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

2,000 పడి 5,000 పడకపోతే బ్యాంకు తప్పు కాదు. రాష్ట్రం చూసేది వెబ్‌ల్యాండ్‌ను, అంటే కంప్యూటర్లో ఉండే భూమి రికార్డును. 1బీలో (ఏ రైతుకు ఎంత భూమి ఉందో చూపే రికార్డు) మీ భూమి ఖాతాకు వేరొకరి ఆధార్ ఎక్కి ఉండొచ్చు, లేదా పట్టా ఇంకా చనిపోయిన తండ్రి పేరునే ఉండొచ్చు. రెండోదే ఎక్కువ. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకుని ఎవరి చెక్క వాళ్లు దున్నుకుంటుంటారు, రికార్డులో మాత్రం తండ్రి బతికే ఉంటాడు. మ్యుటేషన్ అయ్యేదాకా, అంటే రికార్డులో పేరు మారేదాకా, రైతు సేవా కేంద్రంలో ఎన్ని అర్జీలిచ్చినా లాభం లేదు. ముందు వీఆర్వో, తహసీల్దారు. ఆ తర్వాతే వ్యవసాయ సహాయకుడు.

5,000 పడి 2,000 పడకపోతే పీఎం కిసాన్ వెబ్‌సైటులో రిజిస్ట్రేషన్ నంబరుతో స్టేటస్ తీయండి. ఈకేవైసీ (ఆధార్‌తో గుర్తింపు), ల్యాండ్ సీడింగ్ (భూమి వివరాలు జతకావడం), ఆధార్ బ్యాంక్ సీడింగ్ (బ్యాంకు ఖాతాకు ఆధార్ జతకావడం) మూడూ 'యస్' అని ఉండాలి. పెద్దవాళ్లకు వేలిముద్రలు అరిగిపోయి ఈకేవైసీ ఆగుతుంది. పీఎం కిసాన్ యాప్‌లో ముఖం చూపించి చేసుకోవచ్చు, ఓటీపీ అక్కర్లేదు. 2019 ఫిబ్రవరి 1 తర్వాత కొన్న పొలమైతే అసలు చిక్కు అదే కావచ్చు; వారసత్వంగా వచ్చిన పొలానికి ఆ గడువు అడ్డు కాదు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు, నెలకు 10,000 అంతకు మించి పింఛను తీసుకునే వాళ్లలో చాలామందికి ఇది రాదు.

స్టేటస్‌లో జమ అయిందని ఉండి, పాసుపుస్తకంలో లేకపోతే? మీరు ఏ ఖాతా నంబరు రాసిచ్చారన్నది ఇక్కడ పనికిరాదు. డబ్బు ఆధార్ మీద నడుస్తుంది. ఏ ఆధార్‌కు ఏ బ్యాంకో చూపే ఎన్‌పీసీఐ మ్యాపర్ అనే జాబితాలో ఆఖరుగా ఏ బ్యాంకు ముడిపడిందో అక్కడికే వెళ్తుంది. గ్యాస్ రాయితీకనో, ఉపాధి కూలికనో తెరిచి మరిచిపోయిన పోస్టాఫీసు ఖాతాలో పడి ఉండొచ్చు. ఆధార్ వెబ్‌సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే బ్యాంకు పేరు కనిపిస్తుంది. రెండు జమలూ రాకపోయి అక్కడ 'ఇనాక్టివ్' అని ఉంటే, మీ బ్రాంచిలో ఆధార్ సీడింగ్ కాగితం మళ్లీ ఇవ్వండి. ఆధార్ 'లింక్' అయిందని కౌంటర్లో చెబితే సరిపోదు, డీబీటీకి (ప్రభుత్వ సాయం నేరుగా ఖాతాలో పడే పద్ధతి) మ్యాప్ అయిందా అని అడగాలి. చాలామంది రైతులకు ఖాతాలున్న ఆంధ్రా ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది కాబట్టి, ఆ ఖాతాదారులు ఇది ఒకసారి చూసుకోవడం మంచిది.

కౌలు రైతుల లెక్క వేరు. వాళ్లకు కేంద్రం 2,000 రాదు, రాష్ట్రం ఇచ్చేదే. దానికి సీసీఆర్‌సీ కార్డు (కౌలు రైతుకిచ్చే పంట సాగు హక్కు పత్రం) కావాలి, కార్డుకు యజమాని సంతకం కావాలి. అక్కడే ఆగుతుంది. కార్డు గడువు 11 నెలలే, దాంతో భూమి మీద హక్కేమీ రాదని 2019 చట్టంలోనే ఉంది. ఆ ముక్క యజమానికి చూపించి అడగండి. ఈ-క్రాప్‌లో (ఎవరు ఏ పంట వేశారో నమోదు చేసే రికార్డు) కూడా పంట మీ పేరునే ఎక్కిందో లేదో చూసుకోండి.