అమ్మమ్మ కళ్లు

నిన్నటితో అమ్మమ్మ పెద్దకర్మ ముగిసింది. ఆమె పోయిన రాత్రి నేత్రదానం మాట ఎత్తగానే పెద్దమామయ్య "వచ్చే జన్మలో చూపు లేకుండా పుడుతుందేమోరా" అంటూ కంటతడి పెట్టుకున్నారు. నాకు కోపం రాలేదు. తల్లి మీద బెంగతో అన్న మాట అది. కానీ ప్రాణం పోయిన 6 గంటల్లోపే కళ్లు సేకరించాలి. అమ్మే ధైర్యం చేసి ఐ బ్యాంకుకు ఫోను చేయించింది. ఫ్యాను ఆపి, రెప్పలు మూసి, తడి దూది ఉంచి, తల కింద దిండు పెట్టాం. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లు పనికిరావని ఇన్నాళ్లూ నేనే అనుకున్నాను, పనికివస్తాయి! వచ్చినవారు కనుగుడ్లు తీయలేదు, ముందుండే పారదర్శకమైన పొరలను మాత్రమే తీసుకున్నారు. 20 నిమిషాలు పట్టిందేమో. ముఖం నిద్రపోతున్నట్టే ఉంది. మామయ్య వంగి చాలాసేపు చూశారు. తర్వాత తానే అమ్మమ్మ నుదుట బొట్టు సరిదిద్దారు.