దిబ్బల్లో మిగిలిన బంగారం

చెల్లెలి పెళ్లికి సెలవు పెట్టి గుంటూరు వచ్చినప్పుడు, బ్రాడీపేటలోని మా ఇంట్లో నలుగురి మధ్య మేనమామ నిలదీశాడు: “ఏరా, మీ అమ్మ గాజులు తాకట్టు పెట్టి ఇంజనీరింగ్ చదివించింది, ఆ జోహన్నెస్‌బర్గ్‌లో తెల్లోళ్లు పారబోసిన మట్టి కడగడానికా?” పెద్దవాడు గనుక నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ మాట లోపల గుచ్చుకుంటూనే ఉంది.

మట్టే కడుగుతున్నాను, అబద్ధం లేదు. 1886లో అక్కడ బంగారం బయటపడింది మొదలు, రాతిని దంచి చిక్కినంత తీసుకుని, మిగిలిన పొడిని నగరానికి దక్షిణంగా దిబ్బలు పోశారు. తొలి రోజుల్లో పాదరసంతో పట్టేవారు. లోతుకు పోయేకొద్దీ పైరైట్ అనే ఇనుము, గంధకాల ఖనిజం కలిసిన రాయి తగిలి, బంగారం పాదరసానికి లొంగలేదు. 1890లో వచ్చిన, బంగారాన్ని సయనైడ్ ద్రావణంలో కరిగించి తీసే పద్ధతి ఆ గనులను నిలబెట్టినా, ముతకగా దంచిన రేణువుల లోపల చిక్కుకున్నది దిబ్బల్లోనే ఉండిపోయింది. ఔన్సు ధరను 35 డాలర్ల దగ్గర కట్టేసిన కాలంలో దాన్ని తవ్వితే కూలి కూడా గిట్టేది కాదు. 1971 తర్వాత ఆ కట్టు తెగి ధర పెరిగాకే దిబ్బలకు విలువ వచ్చింది.

మామయ్యకు తెలిసిన కొలతలోనే చెబుతాను. టన్ను మట్టిలో ఉండేది సుమారు 0.3 గ్రాములు, చేతికొచ్చేది 0.2. అంటే ఎనిమిది గ్రాముల కాసు ఒక్కటి రావాలంటే 40 టన్నుల మట్టి మా ట్యాంకుల గుండా పోవాలి.

పెద్ద గన్నుతో నీటిధార కొడితే పసుపుపచ్చ దిబ్బ అంచు విరిగి, బురదై జారుతుంది. గడ్డివేళ్లు, చెక్కముక్కలు జల్లెడలో ఆగిపోగా, బురదను గొట్టాల్లో ప్లాంటుకు పంపుతారు. సయనైడ్ విషవాయువుగా మారకుండా ముందు సున్నం కలపాలి. ఆ విషయంలో మా షిఫ్టులో ఎవరికీ మినహాయింపు లేదు. కరిగిన బంగారాన్ని చివరికి పట్టేది కొబ్బరి చిప్పల బొగ్గు. బెజవాడ దుర్గమ్మ గుళ్లో కొట్టిన కాయల చిప్పలు ఏమవుతాయో ఏనాడూ ఆలోచించని నేను, గుప్పెడు నల్లటి గింజలను అరచేతిలో పోసుకుని, బంగారం ఇందులోనే ఉందంటే మొదట్లో నమ్మలేకపోయాను.

ఇది ఊడ్చిపారేసే పని అనే వాళ్లు ఆగస్టులో ఒకసారి అక్కడికి రావాలి. ఎండు గాలికి లేచే ఆ దుమ్ములో యురేనియం కూడా ఉంటుంది. దిబ్బల పక్కన బతికేవాళ్లు దాన్నే పీలుస్తారు. దిబ్బ పోతే ఆ నేల ఖాళీ అవుతుంది. బంగారం తీసిన బురదను మళ్లీ జోహన్నెస్‌బర్గ్‌కు తూర్పున ఉన్న బ్రాక్‌పాన్ దగ్గరి పెద్ద మడుగులో పోయక తప్పదు, ఆ మాటా ఒప్పుకోవాలి.

నన్ను నిజంగా బాధించేది వేరే ఉంది. తెలుగువాళ్లు తరతరాలుగా చాకిరీ చేసిన కోలారు గనులు 2001లో మూతబడ్డాయి. మూడు కోట్ల టన్నులకు పైగా మట్టి అక్కడ ఊరి నడుమ అలాగే పడి ఉంది. ఆ దిబ్బలను తవ్వేందుకు కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకున్నది 2024లో. ఈ పనికి సముద్రాలు దాటి నేనెందుకు పోయానని అడిగేవాళ్లు, ముందు ఈ ఇరవై మూడేళ్ల లెక్క అడగాలి. అక్కడ ప్లాంటు మొదలైతే సగం జీతానికైనా దరఖాస్తు పెడతాను. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి గుంటూరు చేరవచ్చు.