పాలు పడలేదన్నారు

సిజేరియన్, మత్తు, కుట్లు అన్నీ బానే గడిచిపోయాయి. నా ఏడుపంతా పాల దగ్గరే.

రెండో రోజు పొద్దున్నే డ్యూటీ సిస్టర్ వచ్చి, రూమ్‌లో మా అత్తయ్య, ఆడపడుచు, ఊడ్చే ఆయమ్మ అందరూ ఉండగానే, కర్టెన్ కూడా లాగకుండా రొమ్ము పట్టుకుని గట్టిగా పిండి "చుక్క రావట్లేదమ్మా, పాలు పడలేదు, డబ్బా పాలు తెప్పించుకోండి" అనేసి వెళ్లిపోయింది. పాప ఎలా పట్టుకుంటోందో చూడనే లేదు. ఇంక ఫోన్లు మొదలు. మా ఇంట్లో పాలు పడనివాళ్లు ఎవరూ లేరని అత్తయ్య ఎవరికో చెప్తుంటే నేను గోడవైపు తిరిగి పడుకున్నా. అప్పుడొచ్చేవి ముర్రుపాలు, చెంచాడు చెంచాడే వస్తాయి, పిల్లకి అవే చాలు అని ఒక్కళ్లూ చెప్పలేదు.

నైట్ డ్యూటీకి ఇంకో సిస్టర్, పెద్దావిడ. ముందు అందర్నీ బయటికి పంపింది. నన్ను ముట్టుకోకుండా స్టూల్ లాక్కుని కూర్చుని "నువ్వు పట్టు తల్లీ, నేను చూస్తా" అంది. ఐదు నిమిషాలు మాటే లేదు. పాప బుగ్గలు సొట్టలు పడుతున్నాయి, టక్ టక్‌మని చప్పుడొస్తోంది, గుటక మాత్రం లేదు. నోట్లోంచి తీశాక చనుమొన చూపించింది, కొత్త లిప్‌స్టిక్ కొనలాగా ఏటవాలుగా నొక్కుకుపోయి ఉంది. "పాలకేం కాలేదు, పిల్ల మొన ఒక్కటే పట్టుకుంటోంది, చుట్టూ నల్లటి భాగం కూడా నోట్లోకి పోవాలి" అంది. నాలుక కింద తీగ బిగుసుకుని ఉందేమోనని నోరు తెరిచి కూడా చూసింది, అదేం లేదు.

పాపని నా చంక కిందకి, కాళ్లు వెనక్కి వచ్చేలా పెట్టింది, అలా అయితే కుట్ల మీద బరువు పడదు. మొనతో పెదవి మీద రాస్తూ ఆవులించినంత నోరు తెరిచేదాకా ఆగి, అప్పుడు గబుక్కున దగ్గరికి లాక్కోమంది. గడ్డం రొమ్ముకి ఆనింది, కింది పెదవి బయటికి మడత పడింది, నొప్పి తగ్గింది, కాసేపటికి గుటక వినపడింది. ఆ గుటక విని నేను ఏడ్చా, సిగ్గేం లేదు.

2.9 కిలోలతో పుట్టి మూడో రోజుకి 2.7కి దిగింది, పన్నెండో రోజుకి మళ్లీ 2.9 దాటింది. పాలు లేవని ఎవరన్నా అంటే ముందు పట్టేటప్పుడు కూర్చుని చూడమనండి, ఐదో రోజు నుంచి రోజుకి ఆరుసార్లన్నా ఒంటేలు పోస్తోందా లెక్కపెట్టండి. తల్లిపాలే మేలని డబ్బా మీదే అచ్చేసుంటుంది, డబ్బా పాల మీద వచ్చిన 1992 చట్టం ప్రకారం వెయ్యాల్సిందే, డబ్బాకున్న బుద్ధి ఆ పొద్దుటి ఆవిడకి లేదు.

మా అత్తయ్య మాత్రం తను పెట్టిన వెల్లుల్లి కారం వల్లే పాలు పడ్డాయంటోంది. అననీ.