మేడ మీద మోటార్‌హోమ్

అన్నయ్యా వదినా మధ్యాహ్నం భోజనానికొచ్చి, ట్రాఫిక్ పెరగకముందే కొండాపూర్ వెళ్ళిపోయారు. గుత్తివంకాయ కూర సగానికి సగం మిగిలింది. ఫ్రిజ్‌లో సర్దేసి పడుకుందామనుకుంటే నిద్ర పట్టి చావడం లేదు. ఈయన పక్కన చెవుల్లో వైర్లు పెట్టుకుని, పడకా వంటగదీ అన్నీ బండిలోనే ఉండే మోటార్‌హోమ్‌లలో తిరిగే అమెరికా ముసలి జంటల వీడియోలు చూస్తున్నారు. మధ్యమధ్యలో "ఏమోయ్, ఇది చూడు, డైనింగ్ టేబుల్ మడిస్తే మంచమైపోతోంది" అంటున్నారు. ముందు మన టేబుల్ మీదున్న ఇస్త్రీ బట్టలు మడవండి అన్నాను. వినపడలేదు. వినలేదు అనాలేమో.

అన్నయ్యావాళ్ళూ అలాంటి బండిలోనే కాపురం, అదిప్పుడు అరిజోనాలో ఉంది. ఒహాయోలో ఇల్లమ్మేసిన దగ్గర్నుంచీ ఆ కథ మీకు ముక్కలు ముక్కలుగా చెబుతూనే ఉన్నాను. ఎండాకాలం మోంటానా వైపు, చలికాలం ఎడారి వైపు. క్వార్ట్‌జ్‌సైట్ అని చిన్న ఊరట. దాని చుట్టూ ఉన్న ప్రభుత్వ భూమిలో సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా బండి పెట్టుకోనిస్తారు. ఏడు నెలలకీ కలిపి 180 డాలర్లు. అన్నయ్య ఆ లెక్క చెబుతున్నప్పుడు ఈయన మొహం చూడాలి. "మొత్తం ఏడు నెలలకా బావగారూ?" అని మళ్ళీ మళ్ళీ అడిగారు. బండి దగ్గరికి కరెంటు రాదు, కుళాయి రాదు, సోలార్ పలకల మీదా ట్యాంకులో నీళ్ళ మీదా బతకాలి అని వదిన పక్కనుంచి చెబుతూనే ఉంది. అది మాత్రం చెవికెక్కలేదు.

ఇంకో లెక్క. 62 నిండిన అమెరికా పౌరులకీ గ్రీన్‌కార్డు వాళ్ళకీ 80 డాలర్లకి జీవితాంతం చెల్లే పాస్ ఇస్తారు. అది చూపిస్తే నేషనల్ పార్కుల్లోకి ఉచితం, బండిలో పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా. 2017లో పెంచకముందు అది 10 డాలర్లే ఉండేదట. తనకా వయసు కాస్త ముందే రాలేదని అన్నయ్యకి ఇప్పటికీ బాధ. వయసు త్వరగా రాలేదని బాధపడే మనిషిని మా ఇంట్లోనే చూస్తున్నాను.

భోజనాలయ్యాక మగవాళ్ళిద్దరూ మేడెక్కారు. పండక్కి మిగిలిన ముగ్గు పిండి డబ్బా కనపడకపోతే పనమ్మాయి పట్టుకెళ్ళిందేమో అనుకున్నాను. కాదు, ఈయన పట్టుకెళ్ళారు. టెర్రస్ మీద నీళ్ళ ట్యాంకు పక్కన 24 అడుగుల పొడుగు, ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు కొలిచి, ముగ్గు పిండితో గీతలు గీశారు. ఇక్కడ పడక, ఇక్కడ స్నానాలగది, ఇక్కడ సోఫా. మూడో ఫ్లోర్ వాళ్ళ మనవడు అందులోకి గెంతితే "తలుపులోంచి రా నాన్నా" అన్నారట. అంతవరకూ ముద్దుగానే ఉంది. నన్ను పైకి పిలిచి, మూలన ఒక చిన్న చదరం చూపించి "ఇదిగో, నీ కిచెన్" అన్నారు.

నీ కిచెన్. అక్కడే కాలింది నాకు.

మంచం మనది. సోఫా మనది. టీవీ మనది. డ్రైవర్ సీటు దగ్గరికొచ్చేసరికి "నేనిక్కడ" అన్నారు, పోనీ అనుకున్నాను. స్టవ్వు పట్టే రెండడుగుల జాగా ఒక్కటే నాది. ఇద్దరమూ రిటైరయ్యాం కదా. ఆఫీసులో శాలువా కప్పి పంపారు నన్ను. వంటగది నుంచి మాత్రం ఎవరూ శాలువా కప్పలేదు. మాట్లాడకుండా కిందికొచ్చేశాను. వచ్చి మళ్ళీ కాఫీకి ఫిల్టరే వేశాను, అది వేరే సంగతి.

వదిన చెప్పే వంట ముచ్చట్లు విన్నా నాకు ఒళ్ళు మండుతుంది. ఎల్లోస్టోన్ పార్కులో (1872లో పెట్టారు, ప్రపంచంలో మొదటి నేషనల్ పార్కు, అన్నయ్య ఎప్పుడు మొదలుపెట్టినా ఇక్కడి నుంచే మొదలుపెడతాడు) ఎత్తు దాదాపు 2,400 మీటర్లు. అక్కడ నీళ్ళు 92 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. చూడ్డానికి కళపెళా కాగుతుంటాయి గానీ కందిపప్పు ఎంతసేపటికీ మెత్తబడదు, కుక్కర్ ఉండాల్సిందే. రాత్రిళ్ళు చలికి ఇడ్లీ పిండి పొంగదు. అందుకని గిన్నెని దుప్పట్లో చుట్టి కాళ్ళ దగ్గర పెట్టుకుని పడుకుందట వదిన. నవ్వుతూ చెప్పింది. అన్నయ్యా నవ్వాడు, ఈయనా నవ్వారు. ప్రపంచం చూడ్డానికి బయల్దేరిన మనిషి ఇడ్లీ పిండికి కాపలా పడుకోవడమేమిటి? ఒక్క రోజు బ్రెడ్డు తింటే ప్రాణాలు పోతాయా?

అన్నయ్య ఊరికే కూర్చోడు, ఆ మాట చెప్పాలి. ట్యాంకుల పని అంతా అన్నయ్యదే. దొడ్డిది ఒక ట్యాంకు, స్నానాలూ గిన్నెలూ కడిగిన నీళ్ళది ఇంకో ట్యాంకు. చేతికి గ్లౌజులు తొడుక్కుని పైపు తగిలించి ముందు దొడ్డి ట్యాంకు వదలాలి, తర్వాత రెండోది వదిలితే ఆ నీళ్ళతోనే పైపు కడిగినట్టవుతుంది. చిన్నప్పుడు పెరట్లో బొద్దింక కనపడితే అమ్మని పిలిచిన మనిషి! ఆ ట్యాంకు మన దగ్గర ఎక్కడ వదులుతారండీ అని ఈయన్ని అడిగాను. కేరళలో 2021లో కారవాన్ టూరిజం, అంటే ఇలాంటి బండ్లలో తిరగడం, మొదలైందనీ, 2022లో వాగమన్‌లో వాటికి పార్కు కూడా పెట్టారనీ చెప్పారు. వాగమన్ దాకా మోసుకెళ్ళి వదులుదామా అన్నాను. అన్నయ్య ఒక్కడే నవ్వాడు. అసలు మా సందులోకి వాటర్ ట్యాంకరే రివర్సులో రావాలి, పైన కేబుల్ వైర్లు వేలాడుతుంటే క్లీనర్ కర్రతో ఎత్తి పట్టుకోవాలి. ఇది ఈయనకి తెలియదా? తెలుసు.

బండి ఎక్కువగా నడిపేది వదినే. శుక్లాల ఆపరేషన్ తర్వాత అన్నయ్యకి ఎదురు లైట్లు పడటం లేదు. వాళ్ళ బండి సైజుకి మామూలు కారు లైసెన్సే చాలట. ఐ-90 హైవే మీద, బోస్టన్ నుంచి సియాటిల్ దాకా 4,800 కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు అది, చాలా భాగం వదినే తోలింది. పెట్రోలు లీటరుకి మూడు నాలుగు కిలోమీటర్లే ఇస్తుందని ఈయనకి తెలిశాక కాసేపు నిశ్శబ్దం. గ్లేసియర్ పార్కులో కొండ మీది రోడ్డుకి 21 అడుగులు దాటిన బండ్లని రానివ్వరు కాబట్టి కింద పెట్టేసి షటిల్ బస్సెక్కారు. ఆ రోజు ఫోటోల్లో వదిన నవ్వు వేరే. బస్సులో స్టవ్వుండదు కదా.

బస్సంటే గుర్తొచ్చింది. పిల్లలు స్కూళ్ళలో ఉన్న రోజుల్లో, వాళ్ళని అమ్మ దగ్గర దింపి, అత్తయ్యనీ మామయ్యగారినీ తీసుకుని కాశీ యాత్రా బస్సెక్కాం. అప్పుడు నేషనల్ హైవే 7 అని ఒకటుండేది, వారణాసిలో మొదలై నాగపూర్, హైదరాబాదు మీదుగా కన్యాకుమారి దాకా. మన మేడ్చల్ రోడ్డు పట్టుకుంటే నేరుగా విశ్వనాథుడి ఊరికే. బస్సు మీద బియ్యం బస్తాలు, గుండిగలు, గ్యాస్ సిలిండర్లు. వెనక సీట్లలో వంట మాస్టారూ ఇద్దరు కుర్రాళ్ళూ. మధ్యాహ్నానికి ఏ బోరింగు కనపడితే అక్కడ ఆపడం, చెట్టు కింద పొయ్యి వెలిగించడం, గంటన్నరలో అన్నం, పప్పు, చారు. వాసనకి చుట్టుపక్కల కుక్కలన్నీ వచ్చేవి.

నాగపూర్ దాటాక, సివనీ వెళ్ళేలోపు అడవి రోడ్డులో బస్సు ఆగిపోయింది. క్లచ్ ప్లేటన్నారు. డ్రైవరు లారీ ఎక్కి ఊళ్ళోకి పోయాడు. మగవాళ్ళంతా బస్సు చుట్టూ చేరి, దాని గురించి తమకంతా తెలిసినట్టు మాట్లాడుకుంటున్నారు. మామయ్యగారైతే కిందికి వంగి చూసి "ఇది క్లచ్ కాదయ్యా" అన్నారు, జీవితంలో సైకిలు తప్ప తొక్కని మనిషి. మాస్టారు ఇవేవీ పట్టించుకోకుండా చాప పరిచి "ఆడవాళ్ళు ముందు కూర్చోండమ్మా" అని ఉప్మా వడ్డించాడు. ఆకలేసిన మగవాళ్ళు నిలబడి చూస్తున్నారు, మేం తింటున్నాం. అత్తయ్య ముందు మామయ్యగారి వైపు చూసింది, తర్వాత చూడటం మానేసింది. మోకాళ్ళ నొప్పులావిడ, కాళ్ళు రెండూ బార్లా చాపుకుని, విస్తరి ఒళ్ళో పెట్టుకుని, "ఇంకాస్త వెయ్యి నాయనా, అడుగంటింది ఉంటే అది కూడా" అని అడిగి వేయించుకుంది. మా ఇంట్లో ఆవిడ అందరూ తిన్నాక, మిగిలిందేదో గిన్నెలోనే కలుపుకుని తినేది. ఆవిడకి మాడు ఇష్టమని నాకు ఆ అడవిలో తెలిసింది. అప్పటిదాకా ఆ అడుగు నేను నీళ్ళు పోసి నానబెట్టేసేదాన్ని.

ప్రయాగలో వేణీదానం అప్పుడు పడవలో కూర్చుని మామయ్యగారు ఆవిడ జడ అల్లారు. అల్లడం రాలేదనుకోండి. గయలో ఏదైనా కూర వదిలెయ్యమంటే అత్తయ్య పొట్లకాయ వదిలేసింది. అంత ఇష్టమా దొడ్డమ్మా అని పక్కావిడ అడిగితే, "గీకలేక చస్తున్నా" అంది. వదిలింది తినడమే గానీ గీకడం కాదని ఇంటికొచ్చాక తేలింది, మామయ్యగారికి పొట్లకాయ కావాలిగా.

ఇంత రాశాక చూసుకుంటే నాకు బండి మీద కోపమే లేదనిపిస్తోంది. వంట మాస్టారుంటే రేపు పొద్దున్నే ఎక్కుతాను. లేదా డ్రైవింగ్ నాకిచ్చి, ఆ చదరంలో ఈయన నిలబడితే ఎక్కుతాను. ముప్ఫై ఏళ్ళు కోఠీ ట్రాఫిక్‌లో బండి నడిపినదాన్ని, నాకేం భయం? ఈయనకి ఉప్మా వచ్చు. అన్నం కుక్కర్లో పెట్టడం వచ్చు. రోడ్డు మీద ఇంకేం కావాలి? ఈ మాట పొద్దున కాఫీ దగ్గర అంటాను. ముగ్గు చెరిపి మళ్ళీ గియ్యమంటాను.

కానీ నిద్ర పట్టనిది దీనికీ కాదు. ఇక చెప్పేస్తాను. వదిన కాఫీ తాగుతూ మామూలుగా అంది, "అమ్మగారి బిందె ఉంది చూశావూ, ఒకావిడ ముచ్చటపడితే ఇచ్చేశాం. పూలమొక్క పెట్టుకుందట, ఎంత బాగుందో!"

అమ్మ పోయాక సామాన్లు పంచుకున్న రోజు నేను అడగబోయి ఊరుకున్న ఇత్తడి బిందె అది. అన్నయ్య దూరం పోయినవాడు, వాడి దగ్గర అమ్మదేదైనా ఉండాలని ఊరుకున్నాను. ఇప్పుడు బరువట. బండి తలుపు లోపల ఎంత బరువు ఎక్కించొచ్చో స్టిక్కరు అంటించి ఉంటుందట. ట్యాంకు నింపితే ఆ నీళ్ళ బరువూ అందులోదే. మించితే టైర్లు పేలతాయి, బ్రేకులు అందవు. ట్రక్కులు తూచే కాటా మీదకెక్కించి చూసుకుంటారట. కొన్నాళ్ళు స్టోరేజి గది అద్దెకి తీసుకున్నారు, నెలనెలా కట్టలేక అదీ ఖాళీ చేశారు. అంతా సబబుగానే ఉంది. ఈయన కూడా "కరెక్టే కదా, ఇత్తడి బరువు" అన్నారు. ఆ ఒక్క మాట మింగి ఉంటే ఈయన సొమ్మేం పోయేది?

నా దగ్గరుంటే మాత్రం ఏం చేసేదాన్ని? అటకెక్కించేదాన్ని. బిందెలతో నీళ్ళు పట్టుకునే రోజులు ఎప్పుడో పోయాయి, చింతపండేసి తోమే ఓపిక నాకూ లేదు. ఆవిడ కనీసం మొక్క పెట్టుకుంది, రోజూ కళ్ళ ముందుంటుంది. నిజానికి అదే మంచిదేమో. మంచిదే. అయినా ఒక్క ఫోన్ చేసి అడగొచ్చుగా! ఎడారిలోంచి సూర్యాస్తమయం వీడియోలు పంపడానికి సిగ్నలుంటుంది.

గురువారం తెల్లవారుజామున వాళ్ళ ఫ్లైటు. మనిషికి రెండు సూట్‌కేసులు, ఒక్కోటి 23 కిలోలు. లిఫ్టు దగ్గర వదిన నా చెయ్యి పట్టుకుని, "నల్ల ఉసిరికాయ పచ్చడి, గోంగూర, కందిపొడి, అన్నీ కలిపి ఓ ఐదు కిలోలు కట్టిపెట్టు, నీ చేతిది ఎక్కడా దొరకదు" అంది. బండికి బరువవదూ అన్నాను. "తింటుంటే తగ్గిపోతుందిగా" అంది.

మూడు కిలోలు కడతాను. అంతకంటే కట్టను.